నోటి దగ్గరి ఫిల్టరు

మార్చి 3

అందరి గురించీ నిజం రాసిపెట్టి పోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను. ఇప్పటికి సగంమంది పూర్తయ్యారు. ఇవాళ వైద్యుల సంఘం అధ్యక్షుడి వంతు. నిన్నటి సభలో నన్ను వేదిక మీదికి పిలుస్తూ ‘కీర్తిశేషులు’ అన్నాడు. పక్కవాడు చెవిలో ఊదితే ‘విశ్రాంత’ అని దిద్దుకున్నాడు. నేను మైకు అందుకుని, అధ్యక్షులవారి పుస్తకం చదువుతున్నంతసేపూ నాకూ పోయినట్టే అనిపించిందన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పుస్తకం చదివినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణేనని అప్పుడు అర్థమైంది.

ఇక తరువాతి పెద్దమనిషి మా తోడల్లుడు. అతని అధ్యాయం పొడుగు. కొత్త పేజీలో మొదలుపెట్టాలి.

మార్చి 4

మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామెను నేను చేసుకున్నాను, చిన్నామెను వాడు. ఇద్దరం ఊపిరితిత్తుల డాక్టర్లమే, ఒకే పెద్దాసుపత్రిలో చేశాం. పెద్దల్లుడు చదువుకున్నవాడు, చిన్నల్లుడు పైకొచ్చినవాడు అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆయన దృష్టిలో మొదటిది ఓదార్పు.

వెంటిలేటరు మీద ఉన్న మనిషికి మందుని రక్తంలోకి ఎక్కించి, అది ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరేదాకా కూర్చోవడం ఎందుకు, సన్నటి తుంపరగా చేసి ఆ యంత్రం పంపే ఊపిరితోనే నేరుగా లోపలికి పంపవచ్చు కదా అన్నది నా వాదన. కనిపెట్టింది నేను కాదు. మా ఆసుపత్రికి తెచ్చింది నేను. ఐసీయూ వాడి చేతిలో ఉండేది. ఏడాదిపాటు కొలిచి చూశాడు. తుంపర పట్టిన రోగులకీ పట్టనివాళ్ళకీ తేడా ఏమీ లేదని తేల్చాడు. తేలిస్తే తేల్చాడు. నిండు సభలో నిలబడి, "నిప్పు లేనిదే పొగ రాదంటారు, మా అన్నయ్యగారు వట్టి పొగనే రప్పించారు" అన్నాడు.

ఆ పూటనుంచి నేను ‘పొగ డాక్టర్ని’. మెట్ల కింద క్యాంటీన్‌లో కూడా అదే పేరు. ఆరు నెలల్లో నా ప్రయోగాల గదిలో దూది మూటలు పేర్చారు. నేను రాజీనామా ఇచ్చి, సైకిళ్ళ దుకాణం పక్కన చిన్న క్లినిక్కు పెట్టుకుని, ఇరవై ఏళ్ళపాటు జనం దగ్గులు విన్నాను. వాడితో మాట్లాడలేదు. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్ళకి ఆత్మగౌరవం పాలు తక్కువ.

ఇంతవరకు ముందుమాట. అసలు అధ్యాయం రేపు.

మార్చి 6

రాయడం కుదరలేదు. మరదలు వచ్చింది.

వాడికి పేగు ఆపరేషన్ అయిందనీ, తరువాత న్యుమోనియా పట్టి వెంటిలేటరు మీద పెట్టారనీ మా ఆవిడ రోజూ గోడకి చెబుతున్నట్టు చెబుతూనే ఉంది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఇవాళ మరదలు గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి, వివరం మొత్తం చెప్పింది. పెళ్ళైనప్పటినుంచీ డాక్టర్ల మధ్య బతికింది కనుక చక్కగా చెప్పింది. పట్టిన క్రిమి మీద పనిచేసే మందు ఒక్కటే మిగిలింది. దాన్ని రక్తంలోకి ఎక్కిస్తుంటే కిడ్నీలు పోతున్నాయి. ఆపితే ఊపిరితిత్తులు పోతాయి. ఐసీయూ ఇప్పుడు నడుపుతున్న పిల్ల, అంటే మా ఇద్దరి దగ్గరా చదువుకున్న శిష్యురాలు, అదే మందుని తుంపరగా కూడా పట్టిస్తోందట. నాలుగు రోజులైనా గుణం కనబడలేదట. ఇంకొక్క వారం చూద్దామందట. ఆ మాట డాక్టర్లు ఎప్పుడంటారో మరదలికి తెలుసు.

నేను వాడి సిద్ధాంతం ప్రకారం తుంపర పనిచేయదు కదా అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

మరదలు అప్పుడు నా కళ్ళలోకి చూసింది. "బావగారూ, మీరు ఆయన్ని ఎన్నయినా అనండి. అడ్డం రాను. బతికించి అనండి."

లోపలికి రమ్మని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. రాలేదు. ఆటో ఆగి ఉందంది.

రేపు వెళ్తాను. వాడి ప్రాణంతో నాకు పనిలేదు. నాకు కావలసినవి వాడి చెవులు. చచ్చినవాడికి చెవులుండవు, అంతే.

మార్చి 7

ఈ రోజు నా జీవితంలో మంచిరోజు. వివరంగా రాసుకుంటాను.

వాడు కిటికీ పక్క మంచంలో ఉన్నాడు. నోట్లో గొట్టం. జుట్టు దువ్వలేదు. వాడి జుట్టు వాడి పొగరు. నుదుటి మీద పడుతుంటే ఎవరో తడి గుడ్డతో పక్కకి తోశారు. నేను దాన్ని చూడ్డానికి వెళ్ళలేదు కనుక యంత్రాన్ని చూశాను.

హెడ్ నర్సు తుంపర పట్టించడానికి వచ్చింది. లెక్కప్రకారం చేసింది. మందు పోసింది, చిన్న డబ్బా గొట్టానికి తగిలించింది, మీట నొక్కింది. తెల్లటి మంచు గొట్టంలో పాకుతూ వచ్చి, నోటి దగ్గరున్న ఫిల్టరులోకి పోయింది. అవతలినుంచి బయటపడలేదు.

ఈ ఫిల్టరు అగ్గిపెట్టెంత ఉంటుంది. రోగి ఊపిరిలోని తడిని పట్టి ఉంచి తిరిగి అతనికే ఇస్తుంది, క్రిమిని బయటికి రానివ్వదు. మంచి వస్తువే. పట్టుకోవడం దాని పని. క్రిమిని పట్టుకున్నట్టే మందునీ పట్టుకుంటుంది. దానికి మనుషుల్లాగా విచక్షణ లేదు. మనుషుల్లో కూడా చాలామందికి లేదు.

మందు అయిపోయాక, ఫిల్టరు మార్చే వేళ ఎప్పుడని అడిగాను. ఇప్పుడే అంది. తీసినదాన్ని చేతి తొడుగు వేసుకుని తీసుకున్నాను. చేతికి బరువు తెలిసింది. తిరగేసి గట్టిగా విదిలిస్తే పొద్దుటినుంచీ వాడికి పట్టించామనుకుంటున్న మందు సింకులో ధారగా కారింది.

తల ఎత్తి చూస్తే గోడ మీద కాగితం. ప్లాస్టిక్ తొడుగు పసుపెక్కింది. ‘రోగి నోటి దగ్గరి ఫిల్టరును ఏ కారణం మీదనూ తొలగించరాదు.’ కింద వాడి సంతకం, పెద్ద తోకతో. ఆ పక్కన తేదీ.

ఆ తేదీ వాడు నా తుంపరని కొలవడం మొదలుపెట్టిన తేదీకి ఏడాది ముందుది.

కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాను. కాళ్ళలో నొప్పికి కాదు. ఆనందానికి. ఇరవై ఏళ్ళ కిందట వాడు కొలిచిన రోగులందరి నోటి దగ్గరా ఈ అగ్గిపెట్టె ఉంది. ఒక్కరికీ మందు చేరలేదు. వాడు కొలిచింది నా మందుని కాదు. వాడి ఫిల్టరుని.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు, నాలుగో కాలు తన గుప్పిట్లోనే ఉందని చూసుకోలేదు.

ఈ సంగతి వాడికి నేను చెప్పాలి. నేనే చెప్పాలి. వాడు తెలివితో వినాలి.

మార్చి 8

ఫిల్టరు తీసి తుంపర పట్టించాలన్నాను. శిష్యురాలు కుదరదంది. చూపులో భయం లేదు, మర్యాద ఉంది. నేను నేర్పిన మర్యాదే. ఈ పద్ధతి పనిచేస్తుందని కొన్ని పరిశోధనలు, లేదని కొన్ని చెబుతున్నాయంది. లేదన్నవాటిలో ఎన్నింటిలో అగ్గిపెట్టె తీశారో చూశావా అన్నాను. చూడలేదంది. అబద్ధం చెప్పలేదు. అదీ నేను నేర్పిందే.

అసలు అడ్డం ఆమె కాదు. ఆ కాగితం ఎందుకు పుట్టిందో ఆమె చెప్పింది. నాకు ఎప్పుడో తెలిసిన సంగతే, పనికొచ్చేది కాదని పక్కన పెట్టాను. అప్పట్లో గొట్టాలు విప్పి మందులు పట్టిస్తుండగా ఒక రోగి ఊపిరినుంచి ఒక నర్సుకి క్షయ అంటుకుంది. పెళ్ళై ఆరు నెలలు. ఏడాది మంచాన పడింది. ఆమెకి క్షయ అని తేలిన రోజే వాడు ఆ కాగితం రాసి అంటించాడు.

ఆ నర్సే ఈ హెడ్ నర్సు.

మేమిద్దరం వాదించుకుంటుంటే ఆమె పక్కనే నిలబడి గొట్టాలు తుడుస్తోంది. మరదలు మంచం అవతల ఉంది. ఎవరూ హెడ్ నర్సుని అడగలేదు. ఆమే అంది.

"ఆ కాగితం నాకోసం రాశారండీ. తీసేది కూడా నేనే."

శిష్యురాలు తల ఊపింది. హెడ్ నర్సు నన్ను తప్ప అందర్నీ బయటికి పంపింది. ముక్కుకి గట్టి మాస్కు కట్టుకుంది. క్రిమి గదిలోకి రాకుండా, ఊపిరి బయటికి వచ్చే గొట్టం చివర వేరే ఫిల్టరు పెట్టాలని నేను చెప్పాను, పెట్టింది. యంత్రాన్ని ఒక్క క్షణం ఆపి, గొట్టాన్ని బిగించి పట్టుకుని, నోటి దగ్గరి అగ్గిపెట్టెని తీసేసింది. తుంపర డబ్బాని నోటికి దూరంగా, యంత్రం వైపు తగిలించమన్నాను. ఊపిరి నెమ్మదిగా పంపమన్నాను. మంచు ఈసారి ఆగలేదు. తిన్నగా వాడి గొంతులోకి పోయింది.

మరదలు అంగీకార పత్రం మీద సంతకం పెట్టింది. రక్తంలోకి ఎక్కించే మందు ఆపేశారు. ఇప్పుడు వాడికి ఉన్నది నా పొగ ఒక్కటే.

వాక్యం సిద్ధం చేసుకున్నాను: ‘ఇరవై ఏళ్ళ కిందట నువ్వు కొలిచింది నా మందుని కాదు, నీ ఫిల్టరుని.’

మార్చి 9

‘ఇరవై ఏళ్ళ కిందట’ అనేది అక్కర్లేదు. వాడికి తెలుసు ఎప్పుడో. ‘నువ్వు కొలిచింది నీ ఫిల్టరుని’ చాలు. చిన్న వాక్యం లోతుగా దిగుతుంది.

మార్చి 10

జ్వరం తగ్గలేదు. తొందరేమీ లేదు.

బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. రెండు రోజులకొకసారి గీసుకునే గడ్డం రోజూ గీసుకుంటున్నానట. "పోట్లాటకి వెళ్ళేవాళ్ళు ఇంత నున్నగా తయారవుతారా అండీ?" అంది. యుద్ధానికి వెళ్ళేముందు కత్తులు సానబెట్టుకునే జాతులు చరిత్రలో చాలా ఉన్నాయన్నాను. "సానబెట్టింది కత్తి కాదు, చెంప" అంది. ఇంత చదివి ఈమెతో వాదనలో ఒక్కసారీ గెలవలేదు. ఆమె అధ్యాయం రాయను.

ఐసీయూలో కుర్ర డాక్టర్లు నా చుట్టూ మూగుతున్నారు. ఎలా చేయాలో చెప్పమంటున్నారు. చెబుతున్నాను. తుంపర బొట్టు పెద్దదైతే గొంతులోనే పడుతుంది, మరీ చిన్నదైతే లోపలికి వెళ్ళి మళ్ళీ ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది. వాళ్ళు రాసుకున్నారు. ఇరవై ఏళ్ళలో నేను చెబుతుంటే ఎవరైనా రాసుకోవడం ఇదే.

మార్చి 11

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

మార్చి 12

నిన్న రాయడానికి ఏమీ లేదని రాశాను. అది నిజం కాదు. నిజం రాసిపెట్టి పోవడానికి కదా ఈ డైరీ.

నిన్న సాయంత్రం తుంపర పట్టిస్తున్నప్పుడు నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఇద్దరు కుర్ర డాక్టర్లకి ఆ ఫిల్టరు కథ చెబుతున్నాను. కాగితం తేదీ దగ్గరికి వచ్చాను. యంత్రం అలారం మోగింది. వాళ్ళు అటు తిరిగారు. కంగారు లేదు, రోగికి నా మాట మింగుడు పడక దగ్గుతున్నాడన్నాను. వాళ్ళు నవ్వారు.

వాడు దగ్గడం లేదు. లోపలికి పోయిన ఊపిరి బయటికి రావడం లేదు. ఛాతీ ఒక్కో ఊపిరికీ ఇంకొంచెం లేస్తోంది, దిగడం లేదు. రక్తపోటు జారుతోంది. నేను మానిటరు చూస్తున్నాను, అయినా నా నోరు ఆగలేదు. కథలో మంచి చోటుకి వచ్చి ఉన్నాను.

శిష్యురాలు తలుపు తోసుకుని వచ్చింది. గొట్టాన్ని యంత్రంనుంచి ఊడబీకింది. వాడి ఛాతీలోంచి గాలి బుస్సుమని బయటికొచ్చింది, గాలి సంచి మీద మోకాలు పెట్టినట్టు. చేత్తో ఊపిరి ఇస్తూ, బయటికి వచ్చే వైపు నేను పెట్టించిన ఫిల్టరు తీసి చూపించింది. జిగట మందు ఎండి అట్టకట్టి ఉంది. మూడు రోజులుగా దాన్ని ఎవరూ మార్చలేదు. మార్చాలని ఎవరూ చెప్పలేదు.

తుంపర పట్టించిన ప్రతిసారీ ఆ ఫిల్టరు మార్చాలి. అది నాకు తెలుసు. పూర్వం నేను కుర్రాళ్ళకి పాఠం చెప్పినప్పుడు ఆ సంగతితోనే మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఫిల్టరు తీయడం గురించే చెప్పాను. ఫిల్టరు మార్చడం గురించి చెప్పడానికి నాకు తీరిక లేకపోయింది.

హెడ్ నర్సు కూడా అడగవచ్చు కదా. శిష్యురాలు చూసుకోవచ్చు కదా. ఐసీయూ ఎవరిది?

నేను పెట్టించాను.

మరదలు తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 13

వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి.

మార్చి 14

మోకాళ్ళ నొప్పే.

పొద్దున శిష్యురాలు ఫోను చేసింది. ఆ ఫిల్టరు ఇప్పుడు ప్రతిసారీ మారుస్తున్నారట. మందు కొనసాగిస్తున్నారట. తుంపర ఆపేస్తారనుకున్నానన్నాను. ఎందుకు ఆపుతాం సార్, లోపలికి వెళ్తోంది కదా అంది. తరువాత, "మీరు రావట్లేదేమని మేడమ్ అడుగుతున్నారు" అంది. ఏ మేడమ్ అన్నాను. తెలిసే అడిగాను.

మా ఆవిడ నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది. నొప్పి ఏ మోకాలికో చెప్పండి, ఆ కాలికి చెప్పు వేయకుండా వెళ్ళండి అంది.

మార్చి 15

వెళ్ళాను. మరదలు పక్క కుర్చీ మీది సంచీ తీసి నేల మీద పెట్టింది. కూర్చున్నాను. ఆయన ఇంట్లో కూడా మీ మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు బావగారూ అంది. ఓహో అన్నాను. "మీ క్లినిక్కు వీధిలోంచి మాత్రం కారు పోనిచ్చేవారు కాదు. చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం" అంది.

ఇరవై ఏళ్ళు చుట్టూ తిరిగాడన్నమాట. పెట్రోలు ఖర్చు వాడిదే కదా. నాకేం.

ప్రతి తుంపరకీ ముందు ఫిల్టరు నేనే స్వయంగా చూస్తున్నాను. లోపలికి వెళ్ళేది, బయటికి వచ్చేది, రెండూ.

మార్చి 17

జ్వరం దిగింది. కఫం పలచబడింది. కిడ్నీలు తిరిగి పని చూసుకుంటున్నాయి. మూత్రం సంచీ నిండడం చూసి మురిసిపోయే దశకి వచ్చాను. ఇంత చదువూ చివరికి ఇందుకు.

ఒక్క రోగి కోలుకుంటే అది రుజువు కాదు సార్ అని శిష్యురాలు గుర్తుచేసింది. రక్తంలోకి ఎక్కించిన మందు ఆపడంవల్ల కిడ్నీలు తేరుకుని ఉండవచ్చు, ఒళ్ళే తిరగబడి ఉండవచ్చు, అంతకుముందు ఎక్కించిన మందే ఆలస్యంగా పనిచేసి ఉండవచ్చు అంది. నాకు తెలుసన్నాను. ఆ మాట ప్రపంచానికి నేనే చెబుతాను.

ఒక్కడు రుజువు కాడు. కానీ ఆ ఒక్కడూ వాడు.

మార్చి 20

నోట్లో గొట్టం తీసేసి మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడ పెట్టారు. ఇక మత్తు అక్కర్లేదు. కళ్ళు తెరిచాడు. మాట రాదు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే చెయ్యి ఎత్తి జుట్టు సవరించుకోబోయాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది.

నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను. తరువాత హెడ్ నర్సుని దువ్వెన ఉందా అని అడిగాను. నాకోసం అనుకుని నా బట్టతల వైపు చూసింది.

మరదలు దువ్వింది. పాపిట తప్పు వైపు తీసింది. నేను చెప్పాను. ఎడమవైపు.

మార్చి 22

రేపు మాట్లాడే మూత పెడతారట. మెడలోని గొట్టానికి అది పెడితే గాలి గొంతులోంచి పోయి మాట వస్తుంది. మొదటి రోజు కొద్దిసేపే.

వాక్యం: ‘నువ్వు కొలిచింది నీ ఫిల్టరుని.’ గొంతు ఎత్తకుండా అనాలి. అని, మారు మాట వినకుండా లేచి వచ్చేయాలి. లేచి వచ్చేటప్పుడు మోకాలు పట్టేయకూడదు.

మార్చి 23

మరదలు, శిష్యురాలు, హెడ్ నర్సు, మా ఆవిడ, అందరూ ఉన్నారు. మూత పెట్టారు. వాడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. అందరూ పెళ్ళాం పేరు పిలుస్తాడనుకున్నారు. వాడు నావైపు తిరిగాడు. గొంతు అట్ట గీరినట్టు ఉంది.

"అన్నయ్యగారూ. బయటికొచ్చే ఫిల్టరు మార్చలేదటగా."

నేను మరదలి వైపు చూశాను. ఆమె పైట కొసతో నవ్వు దాచుకుంది. నిన్న సాయంత్రమంతా చెవి దగ్గర కూర్చుని ఆ సంగతి మొత్తం ఊదిందన్నమాట. పదిహేను రోజులుగా సాన పట్టిన వాక్యానికి చోటు లేకుండా పోయింది. ఎప్పుడూ ఇంతే వీడు. ముందు మాట వీడిదే.

అయినా నేను చదువుకున్నవాణ్ణి.

"నేను బయటికొచ్చే దారి ఒక్క పూట మూశాను. నువ్వు లోపలికెళ్ళే దారి ఇరవై ఏళ్ళు మూశావు."

వాడికి అర్థం కాలేదు. మొదటిసారి వాడికి అర్థం కాని మాట నేనన్నాను. చేతితో గోడవైపు చూపించాను, ఆ కాగితం వైపు, దాని కింది తేదీ వైపు. వాడు చూశాడు. పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు. తరువాత నేను చెప్పకుండానే అడిగాడు. అప్పుడు ఆ రోగులందరికీ కూడా ఫిల్టరు ఉందా అని. ఉందన్నాను. కళ్ళు మూసుకున్నాడు.

నేను ఎన్నో ఏళ్ళుగా ఈ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఊహలో వాడికి గడ్డం పెరిగి లేదు. మెడలో గొట్టం లేదు.

కళ్ళు తెరవకుండానే అన్నాడు. "మళ్ళీ కొలవాలి."

అంతే. క్షమాపణ చెప్పలేదు. నేను అడగలేదు. మా వృత్తిలో ఒకడు ఇంకొకడితో అనగలిగిన పెద్దమాట అదే. అది మా ఆవిడకి అర్థం కాలేదు, ఇంటికి వచ్చేదాకా ఆయన ఒక్క మాటైనా అనలేదేమండీ అని సాధిస్తూనే ఉంది.

మేము లేవబోతుంటే, "పొగ మందు పర్లేదు అన్నయ్యగారూ, రుచే చేదు" అన్నాడు వాడు. నవ్వబోయి దగ్గాడు. అలారం మోగింది. ఇద్దరం ఒకేసారి ఫిల్టరు వైపు చూశాం. హెడ్ నర్సు మూత తీసేసి మమ్మల్నందర్నీ బయటికి తోసింది.

మార్చి 26

గోడ మీద కాగితం మార్చాలి. వాడు, నేను ఏకాభిప్రాయానికి వచ్చాం. కొత్త కాగితంలో రెండు మాటలుండాలి. తుంపర పట్టించేటప్పుడు నోటి దగ్గరి ఫిల్టరు తీయాలి, జాగ్రత్తలతో. బయటి వైపు ఫిల్టరు ప్రతిసారీ మార్చాలి. మొదటిది నాది. రెండోది కూడా నాదే, ముందే చెప్పేవాణ్ణి కదా. వాడు రెండోది తనదంటాడు, దానివల్ల పోబోయింది తానే కనుక.

సంతకాలు రెండు. పైది ఎవరిదన్నది తేలలేదు. వయసులో పెద్దవాణ్ణి నేను. పదవిలో పెద్ద వాడు. ‘విశ్రాంత’ పదవికి పెద్దరికం ఏమిటన్నాను. మూత పెట్టే సమయం అయిపోయింది. రేపు.

మార్చి 29

శిష్యురాలు మాకు చూపించకుండానే కొత్త కాగితం అంటించింది. రెండు మాటలూ ఉన్నాయి. ‘జాగ్రత్తలతో’ అన్నచోట మా ఇద్దరి వాక్యాలకన్నా బాగా రాసింది. హెడ్ నర్సు చెప్పగా రాసిందట. కింద సంతకం ఒక్కటే. శిష్యురాలిది.

మేము అడిగాం. మీరిద్దరూ ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదు కదా సార్ అంది. అంత మర్యాదగా ఎవరూ ఎవర్నీ గెంటివేయలేరు. మేమిద్దరం నేర్పిన మర్యాద.

పాత కాగితాన్ని హెడ్ నర్సు చెత్తబుట్టలో వేయలేదు. మడిచి తన సంచీలో పెట్టుకోవడం చూశాను.

వాణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గోడ ముందుకి తెచ్చారు. కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. నావైపు తిరిగి, చూశారా అన్నయ్యగారూ, కృతజ్ఞత అనేది ఉందా ఈ తరానికి అన్నాడు. ఆ మాట నేను ముప్పై ఏళ్ళుగా అంటున్నాను. వాడి నోట మొదటిసారి విన్నాను. ఆ సంతకం తోక చూడండి, ఎంత పొడుగో అన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకుందో అన్నాను. అది వినిపించుకోలేదు.

పై అధికారులకు రాయాలన్నాడు. సంతకం సంగతి కాదు, సూత్రం సంగతి అన్నాడు. సూత్రమే అన్నాను. అయితే ముందు మళ్ళీ కొలిచి అంకెలు చేతిలో పెట్టుకుని రాద్దామన్నాడు, అప్పుడు ఎవరి సంతకం కావాలో వాళ్ళే వచ్చి అడుగుతారు. కొలవడానికి ఒక గది కావాలి. నా పాత గదిలో ఇంకా దూది మూటలే ఉన్నాయట. ఖాళీ చేయించే బాధ్యత నా మీద పెట్టాడు. వాడి హుకుం జారీ చేసే అలవాటు పోలేదు. అందుకు ఊపిరి చాలినంత ఉంది.

రేపు పదింటికి రమ్మన్నాడు. కిటికీ దగ్గర మంచి కుర్చీ ఒక్కటే ఉంది, వాడి బంధువులు ఎవరో ఒకరు ఆక్రమిస్తారు. తొమ్మిదిన్నరకే వెళ్తాను.

తోడల్లుడి అధ్యాయం ఇంకా మొదలుకాలేదు. తొందర లేదు. మనిషి ఉన్నాడు కదా.